సిలికాన్ కార్బైడ్ రింగు మీద బ్యాండ్లు (చదును చెప్పే వెలుగు గీతలు) కనపడట్లేదు. గరుకు ముఖాన్ని వెలుగుతో కొలిచే దారి ఉందా?

జడ్చర్ల లేత్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. జడ్చర్లలో మాది చిన్న వర్క్‌షాప్. చుట్టుపక్కల మందుల కంపెనీల పంపులు, రియాక్టర్ల మెకానికల్ సీళ్లు (లీకు ఆపే రింగులు) మా దగ్గరికి రిపేరుకి వస్తాయి. రింగును రుద్ది చదును చేసే ల్యాపింగ్ ప్లేటు ఒకటి, డైమండ్ పేస్టు, నాలుగంగుళాల ఆప్టికల్ ఫ్లాట్ (పక్కా చదునైన గాజు బిళ్ల), సోడియం లైటు. ఇదే మా ఆస్తి.

కార్బన్ రింగులతో పేచీ లేదు. ల్యాప్ చేసి, బట్ట మీద నాలుగు తిప్పులు తిప్పి, కడిగి, పైన ఫ్లాట్ పెడితే పసుపు నలుపు గీతలు చక్కగా వస్తాయి. గీతలు తిన్నగా ఉంటే పాస్, వంగితే మళ్లీ ప్లేటు మీదికి. సమస్యంతా సిలికాన్ కార్బైడ్ రింగులతోనే. ల్యాప్ అయ్యాక బూడిద రంగులో, పలక మీద సుద్ద చెరిపినట్టు ఉంటుంది ముఖం. ఫ్లాట్ పెడితే గీత లేదు, గాత లేదు, ఉత్త పసుపు వెలుగు. సూది టెస్టర్‌తో చూస్తే ఆర్‌ఏ, అంటే గరుకు సగటు, 0.2 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపిస్తుంది. అంటే గరుకు పెద్దగా లేదు. మరి ముఖం చదునుగా ఉందా లేదా ఎట్లా తెలియాలి?

డ్రాయింగ్‌లో 'మూడు హీలియం లైట్ బ్యాండ్ల లోపు' అని రాసి ఉంటుంది. పోయిన నెల రెండు రింగులు లీకవుతున్నాయని వాపసు వచ్చాయి. 'చూసే పంపినవా?' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మెరుపు వచ్చేదాకా బట్ట మీద రుద్దితే గీతలు కనపడతాయి గానీ ఒక్కో రింగుకి గంట పడుతుంది. పైగా అంచులు వాలిపోతున్నాయని నా అనుమానం. ఒక సేల్స్ ఆయన వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ అని మిషన్ చూపించాడు. ధర విని చాయ్ కూడా తాగకుండా లేచొచ్చాను. వేరే దారి ఏమన్నా ఉందా?

మిర్యాలగూడ మిల్లు | సోమవారం, రాత్రి 10:05

తమ్మీ, బ్లూ మ్యాచింగ్ చేసి చూసినవా? సర్ఫేస్ ప్లేటుకి నీలం పల్చగా పూసి రింగు రుద్దితే ఎత్తు ఎక్కడుందో రంగే చెప్తది. మా రైస్ మిల్లు షాఫ్టులు, బేరింగ్ బ్లాకులు అట్లనే చూస్తం.

జడ్చర్ల లేత్ | సోమవారం, రాత్రి 10:11

చేశానన్నా. ఆ నీలం పొరే రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది. నాకు కావాల్సింది ఒక మైక్రాన్ లోపు మాట.

పాలమూరు లెక్చరర్ | సోమవారం, రాత్రి 11:20

డిగ్రీ పిల్లలకు న్యూటన్ వలయాలు చెప్పీ చెప్పీ అరిగిపోయిన గొంతు నాది. మొదటిసారి ఒకరు నిజమైన అవసరంతో అడుగుతున్నారు, కొంచెం వివరంగా రాస్తాను.

మీ ఫ్లాట్ అడుగు నుంచి తిరిగొచ్చే కాంతి ఒకటి, రింగు ముఖం నుంచి తిరిగొచ్చేది ఇంకొకటి. రెండూ కలిసినప్పుడు గాలి సందు మందాన్ని బట్టి ఒకచోట వెలుగు, ఒకచోట చీకటి. ఇదే ఇంటర్‌ఫెరెన్స్, మన వ్యతికరణం. సందు అర తరంగదైర్ఘ్యం మారితే ఒక బ్యాండ్ జరుగుతుంది. సోడియం పసుపు 589 నానోమీటర్లు కాబట్టి ఒక బ్యాండ్ అంటే 0.295 మైక్రాన్. హీలియం 587.6 కాబట్టి అదీ దాదాపు ఇంతే. మీ డ్రాయింగ్‌లోని మూడు బ్యాండ్లు అంటే 0.88 మైక్రాన్.

ఇప్పుడు మీ కన్ను రింగు మీద ఒక చుక్కను చూస్తోంది అనుకుందాం. ఆ చుక్కలోనే వందల గుట్టలు, గుంటలు ఉన్నాయి. ఆర్‌ఏ 0.2 అన్నది సగటు మాట. శిఖరం నుంచి లోయకి మైక్రాన్ దాటే ఉంటుంది. అంటే ఆ ఒక్క చుక్కలోనే నాలుగైదు బ్యాండ్ల ఎత్తులు కలగలిసి ఉన్నాయి. ఒక గుట్ట వెలుగంటే పక్క గుంట చీకటి అంటుంది. అన్నీ కలిస్తే ఉత్త పసుపు. కొత్తగా దుక్కి దున్నిన చెలకలో గడ్డలు జానెడు ఎత్తున ఉంటే, బెత్తెడు కర్రతో చెలక వాలు కొలవబోయినట్టు. వాలు ఉంది, మీ కర్రే చిన్నది.

కాబట్టి కర్రను పొడుగు చేయాలి. రేపు పొద్దున ఒక పని చేసి చూడండి. ఫ్లాట్ పెట్టి, నిలువుగా కాకుండా బాగా ఏటవాలుగా, దాదాపు బల్ల మట్టానికి కన్ను పెట్టి చూడండి. లైటు అటు వైపు, మీరు ఇటు వైపు.

జడ్చర్ల లేత్ | మంగళవారం, ఉదయం 10:32

సార్!! కనపడ్డాయి!

మొదట ఏమీ లేదు. తల కిందికి దించుతూ పోతుంటే, ఎండాకాలం డాంబర్ రోడ్డు మీద దూరంగా నీళ్లు కనపడతాయి చూడండి, అట్లా బూడిద ముఖం ఒక్కసారి మెరిసింది. ఆ మెరుపులో గీతలు. రింగు గుండ్రం పోయి చేప ఆకారంలో కనపడుతోంది గానీ, దాని మీద నాలుగు గీతలు స్పష్టంగా ఉన్నాయి. మా హెల్పర్ పిల్లవాడిని పిలిచి చూపించా, వాడు 'ముందెందుకు చూడలే అన్నా' అన్నాడు. దానికి జవాబు లేదు.

కానీ ఒక డౌటు. తల ఇంకా దించితే గీతలు తగ్గుతున్నాయి, లేపితే పెరిగి మాయమవుతున్నాయి. అట్లయితే ఒక గీత అంటే ఎంత?

పాలమూరు లెక్చరర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అసలు విషయం అదే. వాలు చూపుకి బ్యాండ్ విలువ పెరుగుతుంది. అర తరంగదైర్ఘ్యాన్ని, నిలువు నుంచి మీ చూపు వంగిన కోణపు కొసైన్‌తో భాగించాలి. 60 డిగ్రీలు వంగితే ఒక బ్యాండ్ 0.59 మైక్రాన్. 75 దగ్గర 1.14. 80 దగ్గర 1.7.

గరుకు కూడా అదే లెక్కన చిన్నదైపోతుంది, అందుకే ముఖం మెరిసింది. మీ 0.2 మైక్రాన్లకి నేను కాగితం మీద వేసిన లెక్క ప్రకారం, నిలువుగా చూస్తే గీతల కాంట్రాస్ట్ (వెలుగు చీకట్ల తేడా) పదివేలలో ఒక వంతు. 60 దగ్గర పదో వంతు. 75 దగ్గర సగం దాటుతుంది. మీరు తల దించుతుంటే 'ఒక్కసారి మెరిసింది' అన్నారు కదా, ఆ ఒక్కసారి ఇదే.

ఇదే ఉపాయాన్ని ఇంకో రకంగానూ చేస్తారు. టెలిస్కోప్ అద్దాలు గ్రైండింగ్ దశలో మ్యాట్‌గా ఉన్నప్పుడు, కంటికి కనపడే కాంతి పనిచేయదని కార్బన్ డయాక్సైడ్ లేజర్ వాడతారు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. ఆ కాంతికి గరుకు అద్దం కూడా నున్నటి అద్దమే.

గద్వాల అంచు | మంగళవారం, సాయంత్రం 6:48

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇంజనీరింగ్ ప్రాజెక్టులో మేము ప్రొజెక్టర్‌తో గీతలు వేసి, ఫోన్ కెమెరాతో ఫోటో తీసి, ముఖం ఆకారం కంప్యూటర్‌లో గీశాం. గరుకైతే ఇంకా మంచిది, మెరిసే వస్తువులతోనే తంటా. రింగుకి అదే చేయొచ్చు కదా? ఖర్చు కూడా తక్కువ.

దేవరకొండ_22 | మంగళవారం, రాత్రి 8:30

అది మంచి పద్ధతే గానీ ఈ పనికి పనికిరాదు. ప్రొజెక్టర్ గీత మనం గీసిన గీత, దాని వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. ఎంత తెలివిగా లెక్కగట్టినా మామూలు సెటప్‌లో పదుల మైక్రాన్ల దగ్గర ఆగిపోతారు. ఆయనకు కావాల్సింది ఒక మైక్రాన్ లోపు.

నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో సరిగ్గా ఆ 'చాయ్ తాగనివ్వని' మిషన్ మీదే పనిచేస్తాను :) అది ఏం చేస్తుందో చెప్తా.

సోడియం లైటులో ఉన్నది దాదాపు ఒకే రంగు కాబట్టి సందు ఎంత పెద్దగున్నా గీతలొస్తాయి. తెల్ల కాంతికి ఆ ఓపిక లేదు. కాంతిని రెండుగా చీల్చి పంపితే, ఆ రెండు దారులూ కొద్ది మైక్రాన్ల తేడాలో సమానంగా ఉంటేనే గీతలు, లేకపోతే సున్నా. ఆ బలహీనతనే వాడుకుంటాం. వస్తువు ఒక దారిలో, అద్దం ఇంకో దారిలో. వస్తువును పైజో (కరెంటు ఇస్తే అతి కొద్దిగా కదిలే ముక్క) మీద పెట్టి కొద్దికొద్దిగా పైకి లేపుతాం. అడుగడుగునా కెమెరా ఒక ఫోటో తీస్తుంది. తరవాత ఒక్క పిక్సెల్‌ను పట్టుకుని చూస్తే, మొదటి వంద ఫోటోల్లో అది కదలదు, ఒకే బూడిద రంగు. ఆపైన సన్నగా వణకడం మొదలవుతుంది. వణుకు పెరిగి పెరిగి ఒకచోట తెలుపు నలుపుల మధ్య బాగా ఊగుతుంది. మళ్లీ తగ్గి చచ్చిపోతుంది. ఎక్కువ ఊగిన చోట పైజో ఎంత ఎత్తున ఉందో, అదే ఆ చుక్క ఎత్తు. అయిపోయింది. పక్క పిక్సెల్‌ను అడగాల్సిన పని లేదు, గీతలు లెక్కబెట్టే పని లేదు.

గరుకు ముఖానికి ఇది ఎందుకు పనిచేస్తుందంటే, గరుకు వల్ల ప్రతి చుక్కకీ ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందన్నది) ఇష్టమొచ్చినట్టు మారుతుంది, కానీ ఊగుడు ఎక్కడ ఎక్కువైందన్నది మారదు. మేము ఫేజ్‌ను వదిలేసి ఊగుడును మాత్రం చూస్తాం. 1992లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డ్రెసెల్, హౌస్లర్, వెంజ్కే అనే ముగ్గురు గరుకు ముఖాలకి ఇది చేసి చూపించి, 'కోహెరెన్స్ రాడార్' అని పేరు పెట్టారు.

పాలమూరు లెక్చరర్ | మంగళవారం, రాత్రి 9:02

బాగా చెప్పావమ్మా. తెల్ల కాంతితో సరైన చోటు గుర్తుపట్టడం పాతదే. 1892-93లో పారిస్ దగ్గర సెవ్ర్‌లో మైకెల్సన్ మీటరు కడ్డీని కాడ్మియం ఎర్ర కాంతి తరంగాలతో కొలిచినప్పుడు, రెండు అద్దాలు ఒకే దూరంలో ఉన్నాయని తెలుసుకోవడానికి తెల్ల కాంతి గీతలనే వాడాడు.

సోడియం ఒకే రంగు అన్నదానికి చిన్న సవరణ. అవి రెండు రంగులు, 589.0, 589.6. సందు పెరుగుతూ పోతే 490వ గీత దగ్గర గీతలు మాయమై, 980 దగ్గర మళ్లీ వస్తాయని ఫిజో 1862లోనే చూశాడు. మా ల్యాబ్‌లో పిల్లలకి ఈ మాయం చూపిద్దామంటే సగం మంది గీతలు దొరకలేదని కాపీ కొట్టిన రీడింగులు తెస్తారు, అది వేరే కథ.

మిర్యాలగూడ మిల్లు | మంగళవారం, రాత్రి 9:20

అమ్మా దేవరకొండ, ఒక మాట. ఇంత పెద్ద మిషన్ కదా, గరుకు ముఖం మీద దాని ఖచ్చితం ఎంత? నానోమీటర్లంటరు అందరు.

దేవరకొండ_22 | మంగళవారం, రాత్రి 9:51

అన్నా, అందరూ తప్పించుకునే ప్రశ్న అడిగారు.

నున్నటి ముఖం మీద నానోమీటర్లు నిజమే. గరుకు ముఖం మీద కాదు. కెమెరాలో గరుకు ముఖం చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, జొన్నపిండి చల్లినట్టు. స్పెకిల్ అంటాం. ఒక్కో చుక్క వెనక ఏదో ఒక గుట్టల గుంపు ఉంటుంది, ఆ గుంపు సగటుకి అటూ ఇటూ ఎత్తు వస్తుంది. ఆ అటూ ఇటూ ఎంతంటే ముఖం గరుకు ఎంతో అంత. ఎంత ఖరీదు లెన్సు పెట్టినా తగ్గదు. దీనికి ఒక మంచి వైపు కూడా ఉంది. దూరం నుంచి చూసినా, లోతు రంధ్రంలోకి చూసినా కూడా అదే ఖచ్చితం, పెరగదు తరగదు. రింగు చదును చూడాలంటే పక్కపక్క పిక్సెళ్లను సగటు తీస్తే ఇంకా మెరుగవుతుంది, సన్నటి వివరం పోతుంది అంతే. బాగా చీకటి చుక్కల దగ్గర వచ్చే ఎత్తులు అబద్ధాలు, వాటిని తీసేయాలి. మొదట్లో నాకు తెలియక, ఒక నమూనా మీద 'ముళ్లు ఉన్నాయి' అని రిపోర్టు ఇచ్చేశాను. ముళ్లు లేవు, చీకటి చుక్కలు.

పానగల్లు | బుధవారం, ఉదయం 7:30

నల్లగొండ నుంచి ఒక పక్క ప్రశ్న. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు కదిలినా స్తంభం నీడ పొద్దంతా గర్భగుడిలో ఒకే చోట ఉంటుంది. అది కూడా ఈ ఇంటర్‌ఫెరెన్సేనా? ఎవరో వాట్సాప్‌లో పెట్టారు.

పాలమూరు లెక్చరర్ | బుధవారం, ఉదయం 8:10

కాదండీ. ఆ స్తంభం మందం చూడండి, కాంతి తరంగం అర మైక్రాన్. నలువైపుల నుంచి చెదిరి వచ్చే పగటి వెలుగుకి అంత పెద్ద దూరాల మీద వ్యతికరణం చూపించే పొందిక ఉండదు. అది నీడే. వెలుగు ఎటు నుంచి లోపలికి రావాలో, ఏ స్తంభం అడ్డం రావాలో కట్టినవాళ్లు చూసుకున్నారు. నీడ అంటే తక్కువేమీ కాదు, నేను పిల్లలను రెండుసార్లు తీసుకెళ్లాను. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

గద్వాల అంచు | బుధవారం, ఉదయం 9:05

నా ప్రొజెక్టర్‌ను కొట్టేశారు కాబట్టి ఇంకోటి అడుగుతా. మా ఇంట్లో మగ్గం ఉంది. గద్వాల చీర నూలు భాగాన్ని రెండు మడతలు వేసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే నీళ్లలా అలలు తిరుగుతాయి. ఒక మడత దారం వెడల్పు జరిపితే అల జానెడు జరుగుతుంది. చిన్న కదలికను పెద్దగా చూపిస్తోంది కదా, అది వాడొచ్చా?

దేవరకొండ_22 | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆ అలల పేరు మోరే! వాడతారు. జాలీ ముందు లైటు పెట్టి, జాలీ నీడనూ జాలీనీ కలిపి చూస్తే వస్తువు మీద మ్యాపులో కాంటూర్ల లాంటి గీతలు వస్తాయి. 1970లో తకాసాకి బతికున్న మనిషి ఒంటి మీద కూడా తీసి చూపించాడు. కానీ మళ్లీ అదే, జాలీ దారం ఎంత సన్నమో ఖచ్చితం అంత. రింగుకి చాలదు. మీ చీర ఫోటో మాత్రం పెట్టండి, క్లాసులో వాడుకుంటాను.

జడ్చర్ల అన్నకి ఇంకో మాట. గరుకు ముఖాన్ని దానితోనే పోలిస్తే గీతలొస్తాయి. లేజర్ వెలుగులో రింగు ఫోటో ఒకటి, దాన్ని హోల్డర్‌లో బిగించాక ఇంకొకటి తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గరుకు రెండింటిలోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది, మిగిలేది ఎంత వంగిందన్నదే. 1970 ప్రాంతంలో లీండెర్ట్జ్, బట్టర్స్ చేసిన పని ఇది. ఆకారం చెప్పదు, మార్పు చెప్తుంది. మీ రింగులు బిగింపులో వంగుతున్నాయని అనుమానం వస్తే అప్పుడు చూద్దాం.

మిర్యాలగూడ మిల్లు | బుధవారం, మధ్యాహ్నం 2:15

బిగింపు సంగతి తరవాత. ముందు ల్యాపింగ్ ప్లేటు చదునుందా తమ్మీ? ప్లేటు మధ్యల పొంగితే రింగు లోపలికి గుంటవడ్తది. కొలిచే మిషన్ కంటే ముందు చేసే మిషన్ చూడాలె. ఇంకోటి, ప్లేటు మీదికెంచి తీయంగనే వేడి రింగు మీద ఫ్లాట్ పెడుతున్నవా? చెయ్యి వేడికే గాజు వంగుతది. ఒక అరగంట రెండిటినీ ఒకచోట చల్లారనియ్యి.

జడ్చర్ల లేత్ | బుధవారం, రాత్రి 8:55

అన్నా, తీయగానే పెడుతున్నా, నిజమే. ఇక నుంచి ఆగుతా.

ఇప్పుడు నాకున్న టెన్షన్ కోణం. 75 అనుకుని తల 78కి పోతే?

పాలమూరు లెక్చరర్ | బుధవారం, రాత్రి 9:30

బ్యాండ్ విలువ 1.14 నుంచి 1.42కి పోతుంది. నాలుగో వంతు తప్పు. అందుకే 75 వద్దు. 60 అయితే కోణం తప్పినా నష్టం తక్కువ గానీ మీ రింగుకి గీతలు మసక. మధ్యలో 70 పట్టుకోండి. కాంట్రాస్ట్ మూడో వంతు ఉంటుంది, కంటికి చాలు. డిగ్రీ అటూ ఇటూ అయితే 0.82 నుంచి 0.90, పెద్ద తేడా కాదు.

ఇంకో సౌకర్యం చూడండి. 70 డిగ్రీల దగ్గర ఒక బ్యాండ్ 0.86 మైక్రాన్. మీ డ్రాయింగ్ హద్దు 0.88. అంటే వాలు చూపులో ఒక్క బ్యాండే మీ మూడు బ్యాండ్ల హద్దు. గీత వంపు, పక్క గీతకున్న దూరం దాటితే రింగు ఫెయిల్. లెక్క కూడా అక్కర్లేదు, మీ హెల్పర్ చెప్పగలడు.

తల మీద ఆధారపడకండి. ఒక గొట్టం బిగించండి.

జడ్చర్ల లేత్ | శనివారం, సాయంత్రం 5:20

చేసేశాం. కరెంటు వైరింగ్‌కి వాడే పీవీసీ గొట్టం జానెడు ముక్క, చెక్క దిమ్మె మీద బల్లకి 20 డిగ్రీలు లేపి బిగించాం. కోణం ఫోన్‌లో లెవెల్ యాప్‌తో చూసుకున్నా. అటు పక్క అదే ఎత్తున సోడియం లైటు, దాని ముందు ట్రేసింగ్ పేపర్. గొట్టంలో కన్ను పెడితే రింగు, గీతలు, అంతే.

వాపసు వచ్చిన రెండు రింగులు అరగంట చల్లార్చి పెట్టాం. మొదటిదాని గీతలు విల్లులా వంగాయి, వంపు ఒక బ్యాండ్ దాటి పావు. అంటే 1.08 మైక్రాన్. సార్ చెప్పినట్టు 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూశా... అయ్యో, అది సార్ చెప్పలేదు, నాకే తోచింది. రింగు చేపలా నొక్కుకుపోయి కనపడుతుంది కదా, చూపు వెంట ఉన్న వంపు సరిగ్గా తెలియదు. తిప్పినా అంతే వచ్చింది. రెండోది కూడా అదే వైపు వంపు. రెండూ మధ్యలో గుంట. మిర్యాలగూడ అన్న నోట్లో చక్కెర పొయ్యాలి, ప్లేటు మధ్యలో పొంగి ఉంది. ప్లేటును చదును చేసే కండిషనింగ్ రింగులు బయటికి కాకుండా లోపలికి జరిపి రెండు రోజులు తిప్పితే గాని దారికి రాలేదు.

ఇవాళ కొత్తగా ల్యాప్ చేసిన రింగుకి వంపు బ్యాండ్‌లో మూడో వంతు కూడా లేదు. మెరుగు పెట్టలేదు, అంచులు వాలలేదు, ముఖం బూడిద రంగులోనే ఉంది.

దేవరకొండ_22 | శనివారం, సాయంత్రం 6:02

అద్భుతం అన్నా. ఆ 1.08 వచ్చిన రింగు పారేయకండి, నాకు పంపండి. మా మిషన్ మీద పెట్టి మీ గొట్టం ఎంత నిజం చెప్తుందో చూస్తా.

జడ్చర్ల లేత్ | తరవాతి గురువారం, రాత్రి 9:12

చెల్లె రిపోర్టు పంపింది. మిషన్ 1.0 అంటోంది, మా గొట్టం 1.08 అంది. మా హెల్పర్ ఆ కాగితం గోడకి అంటించాడు.

మిర్యాలగూడ మిల్లు | గురువారం, రాత్రి 9:15

చక్కెర ఎప్పుడు పోస్తున్నవ్ మరి?

పాలమూరు లెక్చరర్ | గురువారం, రాత్రి 9:40

నాకొక మెరుగు పెట్టిన కార్బన్ రింగు, ఒక మ్యాట్ రింగు, గొట్టంతో సహా వారం రోజులు అప్పు ఇవ్వగలరా? ఈసారి ప్రాక్టికల్స్‌లో న్యూటన్ వలయాల పక్కన పెడతాను. కాపీ రీడింగులు తెచ్చేవాళ్లు 60 డిగ్రీలకి, 70కి ఒకే విలువ రాస్తారు, వెంటనే దొరికిపోతారు.

జడ్చర్ల లేత్ | గురువారం, రాత్రి 9:58

తప్పకుండా సార్. రేపు పొద్దున బస్సులో పెట్టి పంపిస్తా, మహబూబ్‌నగర్ బస్టాండులో తీసుకోండి. మ్యాట్ రింగు ముఖానికి టిష్యూ చుట్టి ఉంటుంది, చేతితో ముట్టనివ్వకండి.